నిలబడి రాసిన నవల

బీన్స్ కోసే రోజు నవల బాగా ముందుకు పోతుంది. ఆకుకూర రోజు పోదు. ఆకుకూరకి కళ్ళు కావాలి. పురుగు చూడాలి, గడ్డి ఏరాలి, మనసు అక్కడే పెట్టాలి. బీన్స్‌కి అదేమీ అక్కర్లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, ఈనె తీస్తాయి, ముక్కలు చేస్తాయి, నోరు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ నోటితోనే రోహిణి తన ఐదో నవల రాసింది. వంటింటి గట్టు మీద ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, వాట్సాప్‌లో మైకు నొక్కి పైకి తోసి వదిలేసి, కోస్తూ మాట్లాడేది, మాట్లాడుతూ కోసేది. మధ్యాహ్నం అందరూ కాస్త సద్దుమణిగాక మంచం మీద కాళ్ళు ముడుచుకుని, ఆ మాటలన్నీ వింటూ ల్యాప్‌టాప్‌లో ఎక్కించేది.

ఆ మాటలు పోయి చేరే గ్రూపు పేరు 'కూరగాయలు'. అందులో ఉన్నది రోహిణి ఒక్కతే. ఏడాది కిందట భర్త ఓంకార్ నంబరు కలిపి గ్రూపు చేసి, ఆ నిమిషమే అతన్ని తీసేసింది. ఎందుకు తీసేసినవ్ అని అతను ఈనాటికీ అడగలేదు. కూరగాయల్లోంచి తీసేస్తే ఏ మగవాడు అడుగుతాడు చెప్పండి.

హాయిగా కూర్చుని రాసుకోవచ్చు కదా అంటారేమో. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఆడమనిషి ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నట్టే లెక్క. కూర్చున్న ఐదో నిమిషానికి గదిలోంచి ఓంకార్, "ఖాళీగనే ఉన్నవ్ గద, జర చాయ్ పెట్టు" అంటాడు. ఇంటర్‌కమ్ మోగుతుంది. కింద సెక్యూరిటీలో ఉండే ఐలయ్య, ఏడో అంతస్తు వాళ్ళ పార్సిల్ వచ్చిందనీ, వాళ్ళు ఆఫీసుకి పోయారనీ, మీరు ఇంట్లనే ఉంటరు గద మేడం అనీ అంటాడు. తమ అంతస్తులోనే నాలుగు ఫ్లాట్ల తాళంచెవులు రోహిణి గుమ్మం పక్క మేకుకే వేలాడుతుంటాయి. వాళ్ళ నీళ్ళ ఫిల్టర్ బాగుచేసేవాడు వచ్చినా, గ్యాసుబండ వచ్చినా ఆవిడే పోయి తలుపు తీయాలి. ఇంట్లోనే ఉంటుంది కదా! అదే నిలబడి, చేత్తో చాకు పట్టుకుని ఫోన్లో మాట్లాడుతుంటే మాత్రం ఎవరూ కదిలించరు. తల్లితో మాట్లాడుకుంటోంది పాపం అనుకుంటారు. రాసే మనిషికి లేని మర్యాద బీన్స్ కోసే మనిషికి ఉంది. ఈ కిటుకు తెలియడానికి ఆవిడకి నాలుగు నవలలు పట్టింది.

కూర్చోకపోవడానికి ఇంకో సంగతి కూడా ఉంది. చెప్పుకుంటే చిన్నదే. ఆ ఇంట్లో కోడళ్ళు పెద్దవాళ్ళ ముందు కుర్చీలో కూర్చోరు. వాళ్ళుండే కొత్తగూడ ఒక ఊరుగా ఉన్నప్పటి పద్ధతి. ఇప్పుడు ఆ ఊరు లేదు. వాళ్ళ జొన్నచేను మీదే పన్నెండంతస్తులు లేచాయి, కిటికీ తీస్తే ఫ్లైఓవరు, దాని వెనక అద్దాల ఆఫీసులు. చేను పోయింది, పశువుల కొట్టం పోయింది, పద్ధతి మాత్రం పోకుండా లిఫ్టెక్కి తొమ్మిదో అంతస్తుకి వచ్చింది. అలాగని ఎవరూ నోరు తెరిచి ఏమీ అనరు. పెళ్ళయిన వారానికి పాత ఇంటి వాకిట్లో రోహిణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వారపత్రిక చదువుకుంటోంది. మామ రామన్న బయట్నుంచి వచ్చాడు, చూశాడు, దగ్గాడు. అంతే. రోహిణి లేచి నిలబడింది. ఆ దగ్గుకి పంతొమ్మిదేళ్ళు. దగ్గిన మనిషి పోయి మూడేళ్ళు, హాల్లో ఫోటోగా దండ కింద ఉన్నాడు. అత్త బుచ్చమ్మ పొద్దస్తమానం ఆ ఫోటో ఎదురుగా దివాన్ మీదే ఉంటుంది. కాబట్టి రోహిణి టీవీ చూసినా నిలబడే చూస్తుంది, తిండి మాత్రం అందరిదీ అయ్యాక వంటింటి గడప దగ్గర పీట వేసుకుని తింటుంది. నిజాంపేటలో ఉండే తోడికోడలు శ్రీలత మాదాపూర్‌లో ఇరవై మందికి మేనేజరు. ఆఫీసులో రోజల్లా కుర్చీలోనే ఉంటుంది, ఈ గడప తొక్కగానే వచ్చి వంటింటి తలుపుకి ఆనుకుని నిలబడుతుంది.

ఇక జరిగింది చెప్తాను.

ఏడాది ఆఖరి ఆదివారం పొద్దున బీన్సే కోస్తోంది. నవల చివరికొచ్చింది. ఇరవై రెండో అధ్యాయం, ఈ నవలంతా దేనికోసం రాసిందో ఆ ముక్క. పది రోజులుగా అది నోట్లో ఆడుతోంది గానీ బయటికి రావడం లేదు. ఆ పూట వచ్చింది. వచ్చిన మాట జారిపోతుందేమోనని తడి బొటనవేలితోనే గబగబా మైకు నొక్కింది. సరిగ్గా ఆ క్షణంలోనే మూసాపేటలో ఉండే ఓంకార్ మేనమామ ఆంజనేయులు, ఇంటిల్లిపాదీ ఉన్న 'రామన్న పరివారం' గ్రూపులో గులాబీపువ్వు బొమ్మతో శుభోదయం పెట్టాడు. ఆ గ్రూపు పైకెగిరి వచ్చి 'కూరగాయలు' ఉండే చోట కూర్చుంది. రోహిణి చూసుకోలేదు. బీన్స్ కోస్తూ తొమ్మిది నిమిషాలు ఇరవై మూడు మందికి తన నవల చెప్పింది.

నవల్లో మనిషి యశోద, తన కథ తనే చెప్పుకుంటుంది. కానీ తొమ్మిది నిమిషాల్లో ఎక్కడా పేరు రాలేదు. నేను, మా అత్త, మా ఆయన, అంతే. వినేవాళ్ళకి ఇంకేం అర్థమవుతుంది?

"మా అత్త పోయిన పదకొండో దినం. చుట్టాలందరు పోయిన్రు. ఇల్లు కడిగిన. కడిగి హాల్ల కుర్చీల కూసున్న. పైన ఫ్యాన్ తిరుగుతున్నది. కుర్చీ చేతుల మీద చేతులు పెట్టుకున్న. ఇరవై ఏండ్లల్ల మొదటిపారి. గప్పుడు ఏడుపొచ్చింది. మా ఆయన లోపలికొచ్చి, అమ్మ యాదికొచ్చిందా అన్నడు. అవును అన్న. అబద్ధం. నేను నా నడుము కోసం ఏడ్సిన."

పోపు మాడే వేళకి శ్రీలత ఫోన్ చేసింది. "అక్కా, ఏం పెట్టినవ్ గ్రూపుల? జల్ది తీసెయ్" అంది. రోహిణి చూసుకుంది. తీసేసింది గానీ అప్పటికే పదిహేడు మంది విన్నారు. ఆంజనేయులు దాన్ని భద్రంగా దాచుకుని, వినని వాళ్ళకి విడివిడిగా పంపుతున్నాడు, బుచ్చమ్మకి కూడా పంపాడు. అంతలో హాల్లోంచి తన గొంతే తనకి వినిపించింది. బుచ్చమ్మకి చదువు రాదు. ఎవరు ఏ మాట పెట్టినా, ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి, శబ్దం పెద్దగా వచ్చేలా చేసుకుని రెండేసి సార్లు వింటుంది. రోహిణి వంటింటి గడప దాకా వచ్చేసరికి అది రెండోసారి. నా నడుము కోసం ఏడ్సిన, అని గ్లాసులోంచి వచ్చి ఆగిపోయింది. బుచ్చమ్మ ఫోన్ తీసి దిండు కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగు నవలలు అచ్చేసుకుంది రోహిణి. సొంతంగా టైపు చేసుకుని, బొమ్మ వేయించుకుని, ప్రెస్సు చుట్టూ తిరిగి, కట్టలు ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టుకుని, అడిగిన వాళ్ళకి తనే పోస్టులో పంపుకునే రచయిత్రి. ఆ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు ఒక్క పేజీ తిప్పిన పాపాన పోలేదు. ఇప్పుడు పదిహేడు మంది ఆఖరి మాట దాకా విన్నారు. సిగ్గుపడుతూనే, భయపడుతూనే, బాగానే వచ్చిందా ఆ ముక్క, అని లోపల ఒక పాడు మనసు అడిగింది. తనని తను తిట్టుకుంది. మాడిన పోపు సింకులో పోసి మళ్ళీ నూనె పెట్టింది.

ఓంకార్ చెడ్డవాడని చెప్పడానికి లేదు. ప్రెస్సు నుంచి పుస్తకాల కట్టలు తన కారులోనే తెచ్చిపెడతాడు. పెళ్ళిళ్ళలో ఎవరైనా కలిస్తే, మా మిసెస్ రైటర్ అంటాడు. ఏం రాస్తారని వాళ్ళు అడిగితే, ఏదో టైంపాస్‌కు రాస్తుంటది, అంటాడు. ఆ రోజు అతను అరవలేదు. గది తలుపు వేసి, కంపెనీ వాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోమని ఇచ్చిన తిరిగే కుర్చీలో కూర్చుని, ఎదురుగా రోహిణిని నిలబెట్టి మాట్లాడాడు.

"బతికున్న అమ్మను సంపినవ్ గద" అన్నాడు.

అది కథ అంది రోహిణి. యశోద అని వేరే మనిషి అంది. కథలకు మా ఇల్లే దొరికిందా అన్నాడు. ఇరవై ఏళ్ళుగా నిన్ను ఎవరేమన్నరు, తిండికి తక్కువైందా, బట్టకు తక్కువైందా, అమ్మ నిన్ను ఒక్క మాటన్న అన్నదా అన్నాడు. అన్నీ నిజమే. అతని ప్రశ్నలకి రోహిణి దగ్గర ఎప్పుడూ జవాబులు ఉండవు, ఎందుకంటే అతను అడిగేవి ఎప్పుడూ ఆవిడ బాధ పక్కనుంచి పోతాయి. చివరికి అతను తేల్చి చెప్పాడు. ముప్పై ఒకటిన సాయంత్రం తమ్ముడు సాయిచంద్, శ్రీలత, ఆంజనేయులు మామ వస్తారు. "అందరి ముందట అమ్మ కాళ్ళు మొక్కు. నువ్ చెప్పింది అబద్ధమను. గా ముక్క బుక్కులకెళ్ళి తీసెయ్. లేకుంటె ఇగ బుక్కులు బంద్. మంచం కింద డబ్బాలన్ని ఖాళీ చేయిస్త."

ఆ ముక్క తీసేస్తే ఇంకేముంది నవల్లో? మొదటి పేజీ నుంచీ యశోద నడిచేది ఆ కుర్చీ దాకా రావడానికే. ఆ మధ్యాహ్నం రోహిణి ఫైలు తెరిచింది. అధ్యాయం మొత్తం పట్టుకుంది. తెర నిండా నీలం. ఒక్క మీట నొక్కితే చాలు. నొక్కలేకపోయింది. మూత వేసి, తడి బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి పోయింది.

ఆ మూడు రోజులూ బుచ్చమ్మ మాట్లాడలేదు. రోహిణి కంచం పెడితే ముట్టుకోలేదు. కొడుకు చిన్ను కాలేజీ నుంచి వచ్చి పెడితేనే తింది. మధ్యాహ్నం పూట వట్టి మజ్జిగ, అది కూడా తనే గోడ పట్టుకుని లేచి పోసుకుంది. పదహారేళ్ళ చిన్ను ఇద్దరి మధ్యా కంచం మోసి మోసి విసిగిపోయి, "ఏంది మమ్మీ ఇది, సారీ చెప్పేయ్ రాదు" అన్నాడు. చెప్పడానికి రోహిణికి అభ్యంతరం లేదు. ముసలమ్మ ముఖం రోజురోజుకీ ఎండిపోతోంది. కానీ దేనికి చెప్పాలో అదే తేలడం లేదు.

తనలా సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలకి ఒక గ్రూపు ఉంది, నలభై మంది. ఏటా ముప్పై ఒకటో తారీఖుకి అందరూ వెనక్కి తిరిగి చూసుకుని నాలుగు మాటలు రాయాలి. ఎంత రాశారు, ఏం నేర్చుకున్నారు, వచ్చే ఏటి సంకల్పం ఏంటి. అప్పుడే సగం మంది రాసేశారు. ఒకాయన ఏడాదిలో రెండు నవలలు పూర్తి చేశాడు. ఇంకొకాయన రోజూ తెల్లారుజామున బాల్కనీలో కూర్చుని వెయ్యి మాటలు రాశాకే కాఫీ తాగేవాడినని రాశాడు. ఆ కాఫీ ఎవరు పెట్టారో రాయలేదు. రోహిణి కూడా మొదలుపెట్టింది. జనవరిలో మొదటి అధ్యాయం రాశాను, అని టైపు చేసింది. ఫిబ్రవరి గుర్తు రాలేదు. ఆ, చిన్ను పదో తరగతి పరీక్షలు. మార్చి కూడా అవే. మేలో మామిడికాయ తొక్కు, ఈ ఇంటికీ శ్రీలత ఇంటికీ మూసాపేటకీ కలిపి మూడు జాడీలు. కారం కలిపిన చేతులు రెండు రోజులు మండాయి, ఫోన్ ముట్టుకోలేకపోయింది. జులైలో ఒక వారం వరుసగా బీన్సే, దేవుడి దయ, మూడు అధ్యాయాలు. ఏడాదంతా ఇలా కూరలనిబట్టీ పచ్చళ్ళనిబట్టీ గుర్తుంటోంది గానీ ఏ నెలలో ఏం రాసిందో విడిగా గుర్తు రావడం లేదు. అక్టోబరులో అత్తమ్మకి కంటి ఆపరేషన్. డిసెంబరు పుస్తకాల పండగకి నవల తేవాలనుకున్నది అక్కడే పోయింది. నెల రోజులు రోజుకి ఆరుసార్లు చుక్కలు, మూడు రకాల సీసాలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పది నిమిషాలు ఆగాలి. ఆ పదేసి నిమిషాల్లో పద్నాలుగో అధ్యాయం పూర్తయింది.

అక్కడ టైపు చేస్తున్న చెయ్యి ఆగింది. ఆ నెల కళ్ళముందుకి వచ్చింది. బుచ్చమ్మ దివాన్ మీద కూర్చుని, ముఖం పైకెత్తి, చిన్నపిల్లలా నోరు కొంచెం తెరుచుకుని ఉండేది. రోహిణి ఎడమచేత్తో ఆ గడ్డం పట్టుకుని, కుడిచేత్తో రెప్ప లాగి చుక్క వేసేది. మండుతుందా అత్తమ్మా అనేది. లేదు బిడ్డా, నీ చెయ్యి సల్లగుంటది, అనేది ఆవిడ. అలా ఆ ముఖాన్ని అరచేతిలో పట్టుకునే, నవల్లో అత్త ఏ నెలలో పోతే బాగుంటుందా అని ఆలోచించింది రోహిణి. ఎండాకాలమా, వానాకాలమా. వానాకాలమైతే వచ్చిన చుట్టాల బురద కాళ్ళకి ఇల్లు కడగాల్సి వస్తుంది, కడిగి కూర్చుంటే బాగుంటుంది అని తేల్చుకుంది. ఓంకార్ అన్న మాట నిజమేనా? బతికున్న మనిషిని చంపేసిందా తను? రాసిందంతా చెరిపేసి, ఈ ఏడు ఏం నేర్చుకున్నారు అన్న ప్రశ్నని ఖాళీగానే వదిలి లేచింది.

ముప్పై ఒకటిన మధ్యాహ్నం చిన్ను కాలేజీలో ఉంది. ఓంకార్ గదిలో తలుపు వేసుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. సాయంత్రం వంటకి మసాలా నూరి, బియ్యం నానబోసి, రోహిణి కంచంలో అన్నం, పప్పు, కాస్త నెయ్యి వేసుకుని హాల్లోకి వచ్చింది. తినకపోతే నేను కూడా ఇక్కడే నిలబడతా అనుకుంది. దివాన్ పక్క స్టూలు మీద కంచం పెట్టి నిలబడింది. బుచ్చమ్మ గోడవైపే చూస్తోంది. గోడతో మాట్లాడినట్టు అంది.

"కుర్చీల కూసునేటందుకు నేను సావాల్నా?"

రోహిణి కంచం ఇంకొంచెం దగ్గరికి జరిపింది.

"ఒక్కనాడన్న అడిగినవా నన్ను? నేనేమన్న కూసోవద్దన్ననా?"

"అన్లేదు అత్తమ్మా" అంది రోహిణి. ఆ మాట ఇంతకాలం ఎక్కడుందో గానీ తడుముకోకుండా వచ్చింది. "కూసో అని గూడ అన్లేదు."

బుచ్చమ్మ ఇటు తిరిగింది. ఆపరేషన్ చేసిన కన్ను నీళ్ళతో మెరుస్తోంది. గదిలోంచి ఓంకార్ ఇంగ్లీషులో ఎవరికో నచ్చచెపుతున్నాడు. ఆవిడ తలుపువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నాకు మా అత్త అన్లేదు. నువ్వన్న ఆ కథల ఆమెను పదకొండు దినాలాపినవ్. నేను మూడు దినాలు గూడ ఆగలే. మూడో దినం, మగోళ్ళంత కాష్టం కాడ బొక్కలు ఏరనీకి పోయిన్రు. మా అత్త మంచం వాకిట్ల ఎండకు పెట్టిన్రు. పోయి దాని మీద కూసున్న. కూసుని ఏడ్సిన. పక్కింటి లక్ష్మమ్మ చూసి, అబ్బ, అత్త అంటె ఎంత పావురం, ఎంత ప్రేమ అన్నది. అవునన్న." చీరకొంగుతో కన్ను ఒత్తుకుంది. "గది నేను ఎవ్వలకు చెప్పలే. మీ మామకు గూడ చెప్పలే. నీకెట్ల తెల్సింది?"

నాకు తెలియదు అత్తమ్మా, బీన్స్ కోస్తుంటే నోటికొచ్చింది, అంది రోహిణి. ఆవిడ నమ్మినట్టు లేదు. కంచం దగ్గరికి లాక్కుని రెండు ముద్దలు తింది. మూడో ముద్ద కలుపుతూ, "ఊరంత విన్నరు. ఇది బుచ్చమ్మ ముచ్చటే అనుకుంటరు. ఓంకార్ చెప్పినట్టు చెయ్. మొక్కు, అబద్ధమను, తీసెయ్. మాట ఇంతటితోని ఒడుస్తది" అంది. బతిమాలుతున్నట్టే ఉంది ఆ గొంతు. అంతలోనే కళ్ళెత్తి, ఇంత ఉప్పు తక్కువైంది పప్పుల, అంది. రోహిణి ఉప్పు తేవడానికి లోపలికి పోయింది.

వంటింట్లో ఉప్పు డబ్బా పట్టుకుని అలా నిలబడిపోయింది. తనే ఏదో కల్పించి ఒక మనిషిని చంపానని మూడు రోజులుగా కుమిలిపోతోంది. తీరా చూస్తే తను కల్పించిందేమీ లేదు. ముసలమ్మ వాళ్ళత్త పోయేదాకా ఆగింది. తను ఈ ముసలమ్మ పోయేదాకా ఆగుతోంది, నవల్లో కాదు, నిజంగానే. పైకి అనుకోలేదు గానీ పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని అదే కదా. రేపు ఇదే దివాన్ మీద తను ఉంటుంది. ఏ ఇంటి పిల్లో తన గడ్డం పట్టుకుని కంట్లో చుక్క వేస్తూ, మండుతుందా అత్తమ్మా అంటూనే, ఎండాకాలమా వానాకాలమా అనుకుంటుంది. ఆ పిల్లనీ తను ఒక్క మాట అనదు. కూర్చో అని కూడా అనదు. ఆ ఊహకి రోహిణికి మామ దగ్గు కంటే ఎక్కువ భయమేసింది. ఉప్పు తీసుకుపోయి పప్పులో వేసింది.

సాయంత్రం ఏడింటికి అందరూ వచ్చారు. సాయిచంద్ కేకు తెచ్చాడు. సోఫాలో అతను, ఆంజనేయులు మామ, మధ్యలో చిన్ను ఇరుక్కుని కూర్చున్నారు. దివాన్ మీద బుచ్చమ్మ. ఎవరైనా వస్తే ఓంకార్ తన ఆఫీసు కుర్చీని గదిలోంచి దొర్లించుకొచ్చి హాల్లో వేసుకుంటాడు, ఆ రోజూ అలాగే వేసుకున్నాడు. ఆ హాల్లో ఉన్న చోటంతా అంతే, ఎప్పుడూ అంతే సరిపోతుంది. శ్రీలత వంటింటి తలుపుకి ఆనుకుని, కంచం చేత్తో పట్టుకుని తింటోంది. వాయిస్ మెసేజ్ మాట ఎవరూ ఎత్తలేదు గానీ అందరూ దానికోసమే కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆంజనేయులు రెండుసార్లు రోహిణి వంక చూసి ఫోన్ తిప్పి పెట్టుకున్నాడు.

తిండి అయ్యాక ఓంకార్ లేచి నిలబడ్డాడు. "రోహిణీ, జర ఇటు రా" అన్నాడు.

రోహిణి చేతులు తుడుచుకుని వచ్చింది. చంకలో ల్యాప్‌టాప్ ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నేరుగా దివాన్ దగ్గరికి పోయి వంగి బుచ్చమ్మ కాళ్ళు పట్టుకుంది. తప్పించుకోవడానికి పట్టుకోలేదు, ఆ మూడు రోజుల మజ్జిగకి పట్టుకుంది. "నా మాటకు నీ మనసు నొచ్చింది. తప్పయింది అత్తమ్మా" అంది. బుచ్చమ్మ చెయ్యి ఆవిడ నెత్తి మీదికి వచ్చి ఆగింది. సాయిచంద్ ఊపిరి వదిలాడు. అయిపోయింది, ఇక కేకు కోయొచ్చు అన్నట్టు ఓంకార్ చిన్నుకి సైగ చేశాడు.

రోహిణి లేచి వంటింటివైపు పోలేదు. రెండడుగులు పక్కకి వేసి, ఓంకార్ లేచిన కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఆవిడ బరువుకి చిన్నగా మూలిగి కిందికి దిగింది. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టుకుంది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది.

"అబద్ధమని మాత్రం చెప్ప" అంది. గొంతు అనుకున్నంత గట్టిగా రాలేదు. "గా ముక్క తియ్య. అది యశోద కథ. యశోద వాళ్ళత్త పోయెదాక ఆగింది. నేను ఆగ."

తన సంగతి బయటపడుతుందేమోనని బుచ్చమ్మ కళ్ళు రోహిణినే పట్టుకుని ఉన్నాయి. రోహిణి ఆ కళ్ళలోకి చూసి, లేదు అన్నట్టు తల కొంచెం అడ్డంగా ఆడించింది. ఆ సంగతి ఆ ఇద్దరి మధ్యే ఉంటుంది. తలుపు దగ్గర శ్రీలత కంచం చప్పుడు కాకుండా కింద పెట్టింది.

అప్పుడు ఆంజనేయులు దగ్గాడు.

రోహిణి నడుము తనంతట తనే ముందుకి వంగింది. కాళ్ళు నేల వెతుక్కున్నాయి. పంతొమ్మిదేళ్ళ అలవాటు, ఒక్క పూటలో ఎక్కడికి పోతుంది? కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. వెనక్కి జారి కూర్చుంది. "నీళ్ళు కావాల్నా మామా? చిన్ను వాళ్ళ డాడి తెస్తడు" అంది.

ఓంకార్ హాలు మధ్యలో ఉన్నాడు. సోఫావైపు చూశాడు, నిండుగా ఉంది. దివాన్ వైపు చూశాడు, తల్లి కాళ్ళు చాపుకుని ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి జేబులో పెట్టి తీశాడు. అరుస్తాడనుకుంది రోహిణి. అరవలేదు.

"మరి నేనెక్కడ కూసోవాలె?" అన్నాడు. వెటకారం కాదు, కోపం కూడా కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట ఒకరు అడగడం అదే మొదటిసారి.